మూన తిరిగేదాకా ఆగండి: జుట్టు మార్పిడి తర్వాత ఆటలు, వ్యాయామం

(ఉదయపు నడక, షటిల్ మిత్రుల ఆదివారం సమావేశంలో ఒక చర్మవైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబూ, రండి.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను. పోయిన నెలలో మన మైదానంలోనే ఇద్దరు నన్ను వేరువేరుగా ఆ వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఒకే ప్రశ్న అడిగారు. "జుట్టు మార్పిడి చేయించుకున్నాను, మళ్లీ ఎప్పుడు ఆడవచ్చు?" అని. పేర్లు చెప్పను, కంగారు పడకండి. కానీ ఒక్క మాట. ఆ ఇద్దరూ రోజూ ఒకే కోర్టులో ఆడుకునేవారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఈ దాచుకోవడం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలయ్యాయి.

మనలో సగం మంది వ్యవసాయం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే కదా. నారుమడిలో నారు పీకి పొలంలో నాటిన మర్నాడు ఎలా ఉంటుంది? తల వాల్చేసి ఉంటుంది. గట్టిగా గాలి వేసినా, నీరు ఎక్కువ పెట్టినా తేలిపోతుంది. అప్పుడు ఎవరైనా ఆ మడిలోకి దిగి తిరుగుతారా? తిరగరు. వారం, పది రోజులకు వేరు పట్టి, కొత్త ఆకు వేసి, నిలబడుతుంది. మూన తిరిగింది అంటాం. మూన తిరిగిన మొక్కను పట్టుకుని లాగితే చేతికి మట్టితో సహా రావాల్సిందే గానీ ఊరికే రాదు.

తల మీద జరిగేదీ ఇదే. తల వెనుక భాగంలో జుట్టు బట్టతల ప్రభావానికి సాధారణంగా లోబడదు. అక్కడి నుంచి కుదుళ్లు తీసి ముందు భాగంలో నాటుతాం. ఒక్కో కుదురును మేము గ్రాఫ్టు అంటాం. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. ఒక్క రోజులో రెండు వేలు, మూడు వేల గ్రాఫ్టులు నాటడం మామూలు. నాటిన మొదటి రెండు మూడు రోజులు వాటికి సొంత రక్తనాళం అంటూ ఉండదు. చుట్టూ ఊరే ద్రవంతోనే బతుకుతాయి. ఆ తర్వాతే సన్నని నాళాలు వచ్చి కలుస్తాయి. పొలానికీ తలకూ ఒక పెద్ద తేడా ఉంది, అది మరిచిపోవద్దు. పొలంలో మొక్క పోతే ఇంకో నారు వేస్తాం. తల వెనుక నారుమడి చిన్నది, అందులోంచి తీసింది మళ్లీ అక్కడ మొలవదు. పోయిన గ్రాఫ్టు పోయినట్టే.

మరి ఎన్ని రోజులకు వేరు పడుతుంది? అమెరికాలో బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని నేరుగా పరీక్షించి 2006లో ప్రచురించారు. నాటిన వెంట్రుకను రోజుకోసారి లాగి చూశారు. మొదటి రెండు రోజులు ఊరికే వెంట్రుక పట్టి లాగినా గ్రాఫ్టు ఊడి వచ్చింది. అంటుకుని ఉన్న పక్కును లాగితే ఐదో రోజు దాకా గ్రాఫ్టు దానితో పాటే వచ్చేసింది. ఆ తర్వాత ఆ ప్రమాదం రోజురోజుకూ తగ్గింది. తొమ్మిదో రోజు నుంచి లాగినా గ్రాఫ్టు కదల్లేదు. మేమందరం పది రోజులు అని ఎందుకు చెబుతామో ఇప్పుడు అర్థమైంది కదా? మా అలవాటు కొద్దీ చెప్పే అంకె కాదది.

సరే. పది రోజులకు గ్రాఫ్టు గట్టిపడితే పదకొండో రోజు షటిల్ రాకెట్ పట్టుకోవచ్చు కదా? వెనుక వరసలో ఒక బాబు తల ఊపుతున్నాడు. మంచి ప్రశ్నే. గ్రాఫ్టు ఒక్కటే కాదు నాయనా, ఇంకో రెండు మానాలి. నాటిన చోట చర్మం మానాలి. తీసిన చోట గాయం మానాలి. ఈ మూడూ ఒకేసారి మానవు. "డాక్టరుగారూ, ఒక తేదీ చెప్పండి" అని అందరూ అడుగుతారు. ఒక్క తేదీ లేదు. ఏది మానుతోందో తెలుసుకుంటే తేదీ మీకే తెలుస్తుంది.

తీసిన చోటి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అందరూ మరిచిపోయేది దాన్నే. అద్దంలో ముందు భాగం కనిపిస్తుంది, వెనుక కనిపించదు. కుదుళ్లు తీయడానికి రెండు పద్ధతులు. ఎఫ్.యు.ఈ. అంటే ఒక్కో కుదురును మిల్లీమీటరు వెడల్పు కూడా లేని సన్నని పనిముట్టుతో విడిగా తీయడం. అక్కడ వేల చిన్న చుక్కలు ఉంటాయి, కుట్లు ఉండవు, వారం పది రోజుల్లో పైకి మానిపోతాయి. ఎఫ్.యు.టి. అంటే వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీ తీసి, రెండు అంచులనూ దగ్గరికి లాగి కుట్టడం. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తాం. కుట్లు తీశారు కాబట్టి మానిపోయింది అనుకుంటారు. అక్కడే పొరపాటు. కుట్టిన చర్మానికి మూడు వారాలకు వచ్చే బలం, మామూలు చర్మం బలంలో పావు వంతుకు అటూ ఇటూ మాత్రమే. మూడు నెలలకు సుమారు 80 శాతం వస్తుంది. నూటికి నూరు ఎప్పటికీ రాదు. ఈ స్థితిలో బరువులు ఎత్తి, మెడ వంచి, గడ్డం ఛాతీకి ఆనించే వ్యాయామాలు చేస్తే ఏమవుతుంది? చర్మం సాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. కుట్టు విడిపోకపోవచ్చు, కానీ గీతలా ఉండాల్సిన మచ్చ పట్టీలా తయారవుతుంది. అందుకే పట్టీ పద్ధతిలో చేయించుకున్నవారు బరువుల జోలికి ఆరు వారాల దాకా వెళ్లవద్దు. మెడను, భుజాలను లాగే బరువులకైతే మూడు నెలలు ఆగమంటాను. మీది ఏ పద్ధతో మీకు తెలియాలి. తెలియకపోతే చేసిన డాక్టరును అడగండి. నా దగ్గరికి వచ్చినవారిలో తమకు ఏ పద్ధతిలో చేశారో తెలియనివారు కూడా ఉన్నారు. అడగడానికి మొహమాటం ఎందుకండీ, తల మీది!

ఇప్పుడు బరువులు ఎత్తేటప్పుడు లోపల జరిగేది చూడండి. ఊపిరి బిగపట్టి బరువు నెడతాం కదా, ఆ క్షణంలో రక్తపోటు ఎంతకు వెళ్తుందో తెలుసా? కెనడాలో 1985లో బాడీబిల్డర్ల చేతి నాళంలోకే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు పై అంకె సగటున 320. మామూలుగా మనకు 120 ఉండాలి. ఆ ఒత్తిడి తలలోని సన్నని నాళాలకూ చేరుతుంది. అప్పుడే అతుకుతున్న చోట రక్తం చిమ్మితే గ్రాఫ్టు పైకి తేలుతుంది. శీర్షాసనం, సర్వాంగాసనం, సూర్య నమస్కారాల్లో తల కిందికి వాల్చే భంగిమలు కూడా తలకు రక్తపు పోటు పెంచేవే. యోగా అమ్మలు, అయ్యలు ఇక్కడ చాలామంది ఉన్నారు. "మాది మెల్లని వ్యాయామమే కదండీ" అంటారు. మెల్లనిదే, కానీ తల కిందికి వెళ్తుంది. నాలుగు వారాలు తల కిందికి వాల్చకండి. శీర్షాసనంలో శరీరం బరువంతా నాటిన చోటే పడుతుంది కాబట్టి దాన్ని మూడు నెలల దాకా పక్కన పెట్టండి. ప్రాణాయామం చేసుకోండి. కపాలభాతి మాత్రం రెండు వారాలు వద్దు.

మొదటి వారంలో ఇంకొకటి. రెండో రోజు, మూడో రోజు నుదుటి మీద వాపు వస్తుంది, కళ్ల దాకా దిగుతుంది. చూసేవాళ్లు భయపడతారు. ఆపరేషన్‌లో తలలోకి ఎక్కించిన మత్తు ద్రవం కిందికి దిగడం వల్లే ఎక్కువగా అది వస్తుంది, వారంలోపు పోతుంది. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. బూట్ల తాళ్లు కట్టుకోవడానికి కూడా వంగకండి, కుర్చీలో కూర్చుని కాలు పైకి తీసుకోండి. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ ఆ మూడు రోజులూ చిన్న విషయాలే లెక్క.

చెమట గురించి అపోహ ఎక్కువ. చెమట పడితే కుదుళ్లు చచ్చిపోతాయి అంటారు. చావవు. మరి చెమట ఎందుకు వద్దంటాం? తడిసిన పక్కు మెత్తబడుతుంది, ఉప్పుకు మంట, దురద పుడతాయి. దురద పుడితే చేయి ఎక్కడికి వెళ్తుంది? ఆటలో ఉన్నప్పుడు ఆలోచించం, భుజం మీది తువ్వాలు తీసి తల తుడిచేస్తాం. గ్రాఫ్టులను ఊడగొట్టేది ఆ తువ్వాలే. ఇంకా తెరుచుకుని ఉన్న రంధ్రాల్లోకి చర్మం మీది సూక్ష్మజీవులు వెళ్తే చీముపొక్కులు వస్తాయి. అందుకని పది రోజులూ చెమట పట్టేంత పని వద్దు. ఆ తర్వాత చెమట పట్టినా ఒత్తి అద్దుకోండి, రుద్దకండి. ఇంటికి రాగానే డాక్టరు చెప్పిన షాంపూతో మెల్లగా కడగండి.

ఇప్పుడు ఆ దాచుకోవడం సంగతి.

నా దగ్గర చేయించుకున్న ఒక అబ్బాయి. ఇరవై మూడేళ్లు, జిల్లా స్థాయి కబడ్డీ ఆటగాడు. అందరికీ ఇచ్చినట్టే అతనికీ కాగితం ఇచ్చాను. అందులో "నాలుగు వారాలు భారీ వ్యాయామం వద్దు" అని ఉంది. అతను శ్రద్ధగా చదివాడు, పాటించాడు కూడా. జిమ్ మానేశాడు. ఏడో రోజున కబడ్డీ సాధనకు వెళ్లాడు. అతని దృష్టిలో వ్యాయామం అంటే జిమ్. కబడ్డీ వ్యాయామం కాదు, కబడ్డీ అతని జీవితం. కోచ్‌కు జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాడు. జట్టులో ఎవరికీ తెలియదు. ఒక పట్టులో ముగ్గురు మీద పడ్డారు, తల మ్యాట్‌కు రాసుకుంది. నుదుటి పైన ఎడమ పక్క ఒక రూపాయి బిళ్లంత మేర రక్తం. అయినా ఎవరికీ చెప్పలేక తలకు గుడ్డ కట్టుకుని ఇంటికి వెళ్లాడు. నాకు ఫోను చేసింది రెండు రోజుల తర్వాత. అప్పటికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ రూపాయి బిళ్ల చోటు ఈ రోజుకీ ఖాళీగానే ఉంది.

ఆ తప్పులో నా వంతు ఉందని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఏ ఆట ఆడతావు నాయనా అని నేను అడగలేదు. ఆ రోజు నుంచి కాగితం ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏ ఆట? పోటీ ఎప్పుడు? పోటీ రెండు నెలల లోపు ఉంటే ఆపరేషన్ వాయిదా వేస్తాను. కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్, తలతో బంతి కొట్టే ఫుట్‌బాల్... వీటికి ఆరు వారాలకు తక్కువ నేను ఒప్పుకోను.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ రూనీ 2011 జూన్‌లో జుట్టు మార్పిడి చేయించుకున్నాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. తనే ట్విట్టర్‌లో ప్రపంచమంతటికీ చెప్పేశాడు. రెండు సంగతులు గమనించండి. మొదటిది, జూన్ అంటే అక్కడ లీగ్ పోటీలు లేని నెల, కొత్త సీజన్ ఆగస్టులో మొదలవుతుంది. కాలం చూసుకుని చేయించుకున్నాడు. రెండోది, దాచలేదు. మీరు ప్రపంచానికి చెప్పనక్కర్లేదు. మైదానంలో ఒక్కరికి చెప్పండి. కోచ్‌కో, భాగస్వామికో, పక్కన నడిచే స్నేహితుడికో. "పది రోజులు నా తల మీద చేయి పడకుండా చూడు" అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి చాలు. మన వాళ్లు ప్రేమతో తల నిమురుతారు, గెలిచినప్పుడు తల మీద తడతారు. తెలియకపోతే వాళ్లు మాత్రం ఎలా ఆగుతారు?

మైదానానికి ఎలా వస్తారన్నది కూడా ఆలోచించారా? ముప్పావు వంతు మంది బండి మీదే వస్తారు. ముఖమంతా మూసే హెల్మెట్ తీసేటప్పుడు లోపలి దూది నుదుటి అంచును రాసుకుంటూ పైకి వెళ్తుంది. సరిగ్గా నాటిన చోటే. దీనికి పరిష్కారం హెల్మెట్ మానేసి బండి నడపడం కాదు, దయచేసి ఆ పని చేయకండి. పుర్రె కన్నా జుట్టు ఎక్కువ కాదు. బండినే రెండు వారాలు మానేయండి. ఆటోలో రండి, ఎవరి కారులోనైనా రండి. క్రికెట్ హెల్మెట్‌కు నాలుగు వారాలు ఆగండి. అప్పుడు కూడా కొన్ని నెలల దాకా తల మొద్దుబారి ఉంటుంది. హెల్మెట్ ఒరుసుకుంటున్నా, ఎండకు కాలుతున్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి బాగానే ఉంది అనుకోవద్దు. చేత్తో కాదు, అద్దంలో చూసుకోండి.

ఇంకో భయం. నాటిన జుట్టు రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య చాలావరకు రాలిపోతుంది. అది సహజం. వెంట్రుక రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. అయితే మీరు తిరిగి పరుగు మొదలుపెట్టేది ఎప్పుడు? మూడో వారం, నాలుగో వారం. రాలేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. "పరిగెత్తాను, రాలిపోయింది" అని కన్నీళ్లు పెట్టుకుని వచ్చినవారు ఉన్నారు. పరుగుకూ దానికీ సంబంధం లేదమ్మా. పరిగెత్తకపోయినా రాలేది. తేడా ఎలా తెలుస్తుందంటే, గ్రాఫ్టు ఊడితే రక్తం వస్తుంది. మొదటి పది రోజుల్లో రక్తంతో పాటు ఊడితే శుభ్రమైన కట్టుగుడ్డతో ఐదు నిమిషాలు మెల్లగా అదిమి పట్టి, వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. రక్తం లేకుండా దిండు మీద వెంట్రుకలు కనిపిస్తే నిశ్చింతగా ఉండండి.

పోటీల్లో ఆడే పిల్లలు ఇక్కడ ముగ్గురు నలుగురు కనిపిస్తున్నారు. మీకోసం ఒక మాట, శ్రద్ధగా వినండి. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి కొన్ని రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తుంటారు. కండలు పెంచేవి కావవి, వాపు తగ్గించేవి. కానీ పోటీ సమయంలో నోటి ద్వారా తీసుకునే ఆ మాత్రలు ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ, వాడా, నిషేధించిన జాబితాలో ఉన్నాయి. 2022 జనవరి నుంచి ఇంజెక్షన్లు కూడా అంతే. ఆడపిల్లల జుట్టు రాలడానికి వాడే స్పైరొనోలాక్టోన్ అయితే పోటీ ఉన్నా లేకపోయినా ఎప్పుడూ నిషిద్ధమే. ఫినాస్టెరైడ్ అనే జుట్టు మాత్ర 2005 నుంచి 2008 దాకా నిషేధంలో ఉండేది. అమెరికాకు చెందిన జాక్ లండ్ మంచు మీద బోర్లా పడుకుని జారే స్కెలిటన్ ఆటగాడు. జుట్టు కోసం ఆ మాత్ర వేసుకున్నందుకు 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. బ్రెజిల్ ఫుట్‌బాల్ దిగ్గజం రొమారియో 2007లో అదే మాత్రతో పరీక్షలో దొరికాడు. 2009లో దాన్ని జాబితా నుంచి తీసేశారు. ఈ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. కాబట్టి మాత్ర చీటీ మీద పడకముందే "నేను పోటీల్లో ఆడతాను" అని డాక్టరుతో చెప్పండి. చూశారా, ఇక్కడ కూడా చెప్పుకోవడమే రక్షణ.

ఇంతసేపూ వద్దు వద్దు అన్నాను. ఇప్పుడు దానికి ఎదురు మాట చెప్పాలి, ఇది నాకు అంతే ముఖ్యం. భయంతో మూడు నెలలు నడక మానేసేవారున్నారు. నాకు తెలిసిన ఒకాయనకు యాభై రెండేళ్లు, షుగర్ ఉంది. జుట్టు మార్పిడి తర్వాత ఎవరో ఏదో చెప్పారని నడక పూర్తిగా ఆపేశాడు. జుట్టు చక్కగా వచ్చింది, షుగర్ అదుపు తప్పింది. షుగర్ ఎక్కువైతే గాయం మానడమే ఆలస్యమవుతుంది కదా! మొదటి రోజు నుంచే ఇంట్లో నాలుగడుగులు వేయవచ్చు. నాలుగో రోజు నుంచి ఎండ లేని వేళ, చెమట పట్టనంత నెమ్మదిగా నడవవచ్చు. టోపీ కన్నా గొడుగు మంచిది. రెండు వారాలకు వేగంగా నడవండి, కదలని సైకిల్ తొక్కండి. మూడు వారాలకు మెల్లని పరుగు. ఎఫ్.యు.ఈ. వారికైతే నాలుగు వారాలకు షటిల్, జిమ్. ఈతకు కూడా నాలుగు వారాలే. చెరువు నీరు, కాలువ నీరు అయితే ఇంకా ఆగండి, అది శుభ్రంగా ఉండదు. ఎండ మాత్రం మూడు నెలలు నేరుగా తల మీద పడనివ్వవద్దు. మన ఎండలకు కొత్త చర్మం నల్లబడుతుంది. వేసవిలో చేయించుకున్నవారు తెల్లవారకముందే మైదానానికి వచ్చి వెళ్లిపోవడం మంచిది.

ముందు వరసలో పెద్దాయన చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు. అడగండి సార్.

మంచి ప్రశ్న. వెనుకవారికి వినబడలేదేమో, మళ్లీ చెబుతాను. వారి అబ్బాయికి ఆపరేషన్ చేయించాలనుకుంటున్నారు. తిరుమలకు కాలినడకన వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కు ఉంది. ఏం చేయాలి అని.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కితే చెమట తప్పదు, ఊపిరి బిగిసిపోతుంది. ఆపరేషన్ తర్వాత అయితే ఎక్కడానికి నెల రోజులు ఆగాలి. కానీ తల మీద కత్తి పెట్టడానికి నెల చాలదు, నాటిన చోట చర్మం ఇంకా లేతగా ఉంటుంది. నేనైతే ఆరు నెలలు ఆగమంటాను. గుండు వల్ల కుదుళ్లకు హాని లేదు, కత్తి పైనే తిరుగుతుంది, జుట్టు మళ్లీ వస్తుంది. భయం చర్మం తెగుతుందనే. అయితే మీకు ఇంకో దారి ఉంది సార్. మొక్కు ముందే తీర్చుకుని రండి. మెట్లు ఎక్కండి, తలనీలాలు ఇవ్వండి, దర్శనం చేసుకోండి. ఆపరేషన్ రోజున వెనుక జుట్టును మేము ఎలాగూ మిల్లీమీటరుకు కత్తిరిస్తాం. గుండు తర్వాత రెండు మూడు వారాల్లో అంత జుట్టు వచ్చేస్తుంది, అప్పుడు తీసుకురండి. అబ్బాయి ఏ ఆట ఆడతాడు?

వాలీబాలా? సరే, పోటీలు ఎప్పుడున్నాయో కనుక్కుని, వచ్చేటప్పుడు ఆ తేదీలు కూడా రాసుకుని రండి.